బేకన్ చుట్టిన బీన్స్ కట్టలు: బేకన్ కరకరలాడాలి, బీన్స్ పచ్చగా నిలవాలి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమెరికా పండగ థాంక్స్‌గివింగ్‌కి ఆఫీసు స్నేహితురాలి ఇంటికి 14 మందికి సరిపడా బేకన్ చుట్టిన గ్రీన్ బీన్స్ చేసి పట్టుకొస్తానని మాటిచ్చారు. మొన్న ట్రయల్ చేస్తే బేకన్ రబ్బరులా సాగింది, బీన్స్ వడిలిపోయి ఖాకీ రంగుకి తిరిగాయి, ట్రేలో నీళ్లూ కొవ్వూ కలిసి మడుగు కట్టాయి. పచ్చి బీన్స్‌కి పచ్చి బేకన్ చుట్టేసి ఓవెన్‌లో 350 ఫారెన్‌హీట్ డిగ్రీల్లో 40 నిమిషాలు పెట్టానని రాశారు. ఇంకో వారమే ఉంది, టెన్షన్‌గా ఉందన్నారు.

టెన్షన్ పడకండి. వారం చాలా ఎక్కువ. నేను హ్యూస్టన్‌లో ఒక హోటల్ బాంక్వెట్ కిచెన్‌లో 11 ఏళ్లు పనిచేశాను. నవంబర్, డిసెంబర్ వచ్చిందంటే రోజుకి మూడు నాలుగు వందల కట్టలు చుట్టేవాళ్లం. మీకు ఎదురైన మూడు సమస్యలకీ మూలం ఒక్కటే. బేకన్ వేగడానికి పట్టే టైము వేరు, బీన్స్ ఉడకడానికి పట్టే టైము వేరు. రెండింటినీ పచ్చిగా కలిపి కట్టేస్తే ఒకటి తయారయ్యేలోగా రెండోది పాడవుతుంది. అందుకే రెండింటినీ విడివిడిగా సగం సగం వండి, తడి లేకుండా చేసి, అప్పుడు కట్టాలి. మిగతాదంతా చిన్న చిన్న జాగ్రత్తలే.

అసలు మీ ట్రేలో ఏం జరిగిందో చెప్తాను. బీన్స్‌లో దాదాపు 90 శాతం నీళ్లే. సూపర్ మార్కెట్‌లో దొరికే మామూలు బేకన్‌లోనూ నీళ్లుంటాయి, ఎందుకంటే పంది పొట్ట భాగం మాంసానికి ఉప్పునీళ్లు ఎక్కించి ఊరబెట్టి, పొగపెట్టి చేస్తారు. నీళ్లున్నంతసేపూ అక్కడి వేడి 212 డిగ్రీలు దాటదు, అంటే మన 100 సెల్సియస్. ఆ వేడికి మాంసం ఉడుకుతుందే తప్ప వేగదు. పైగా కట్టకి ఆనుకున్న లోపలి వైపు బేకన్‌కి బీన్స్ ఆవిరి తగులుతూనే ఉంటుంది. పైవైపు వేగుతున్నట్టు కనిపించినా లోపలి వైపు కొవ్వు తెల్లగా, జారుడుగా అలాగే ఉండిపోతుంది. మీరు రబ్బరు అన్నది దాన్నే.

బీన్స్ కొనేటప్పుడు ఒకటి చేతిలోకి తీసుకుని వంచి చూడండి. కొంచెం వంగి టప్‌మని విరగాలి, విరిగిన చోట తడి మెరవాలి. విరగకుండా వంగిపోతే పాతవి, వదిలేయండి. గింజలు పైకి ఉబ్బి కనిపించేవి ముదురు, అవి కూడా వద్దు. పొడవు, లావు వీలైనంత ఒకేలా ఉన్నవి ఏరుకోండి. 14 మందికి 24 కట్టలు చాలు, ఎందుకంటే టర్కీ కోడి, దానితో పెట్టే బ్రెడ్ స్టఫింగ్, బంగాళాదుంప ముద్ద, ఇంకా బోలెడు ఉంటాయి. కట్టకి 8 కాయల లెక్కన దాదాపు 200 కాయలు కావాలి. రెండున్నర పౌండ్లు తీసుకుంటే ఏరి పక్కన పెట్టగా సరిగ్గా సరిపోతాయి. సన్నగా పుల్లల్లా ఉండే ఫ్రెంచ్ రకం ప్యాకెట్లు కూడా బాగుంటాయి, అవైతే కట్టకి 10 నుంచి 12 పెట్టండి. ఇండియన్ స్టోర్‌లో దొరికే పొడుగు అలసంద కాయలు మాత్రం ఈ వంటకి పనికిరావు, లోపల గుల్లగా ఉండి వేడికి ముడుచుకుపోతాయి.

ఈనెలు తీయాలా అని అడిగారు. ఇక్కడి బీన్స్‌కి అవసరం లేదు. ఒకప్పుడు అమెరికాలో వీటిని స్ట్రింగ్ బీన్స్ అనే పిలిచేవారు, మన చిక్కుడుకాయలకి తీసినట్టే ఈనె తీయాల్సి వచ్చేది. 1890లలో న్యూయార్క్ రాష్ట్రం లెరాయ్ ఊళ్లో కాల్విన్ కీనీ అనే విత్తనాల మనిషి ఈనె లేని రకాన్ని తయారుచేశారు. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన రకాల్లో చాలావాటికి ఈనె ఉండదు. తొడిమ వైపు తుంచితే చాలు. సన్నటి తోక వదిలేయండి, అది చూడ్డానికి అందంగా ఉంటుంది, తినడానికి అడ్డు రాదు.

ఇప్పుడు ఉడకబెట్టడం. మీ ఇంట్లో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద గిన్నె తీసుకోండి. నాలుగైదు లీటర్ల నీళ్లు, రెండు పెద్ద చెంచాల ఉప్పు. నీళ్లు తెర్లుతున్నప్పుడు బీన్స్‌ని మూడు విడతలుగా వేయండి. ఒకేసారి కుమ్మరిస్తే మరుగు ఆగిపోతుంది, మళ్లీ మరిగేలోగా కాయలు ఊరికే నానిపోతాయి. మూత పెట్టకండి. బీన్స్‌లో సహజంగా ఉండే ఆమ్లాలు ఉడుకుతుంటే బయటికొస్తాయి. మూత లేకపోతే వాటిలో కొంత ఆవిరితో పాటు పోతుంది, మూత పెడితే నీళ్లలోనే నిలుస్తుంది. ఆకుపచ్చ రంగునిచ్చే పత్రహరితంలో మెగ్నీషియం ఉంటుంది. వేడికి ఆమ్లం తోడైతే ఆ మెగ్నీషియం ఊడిపోయి రంగు ఖాకీకి తిరుగుతుంది. మీ ట్రేలో 40 నిమిషాల పాటు జరిగింది ఇదే. కొందరు రంగు కోసం వంటసోడా వేస్తారు. రంగు నిలుస్తుంది నిజమే, కానీ కాయ మెత్తగా పిప్పి అవుతుంది. వేయొద్దు.

మామూలు లావు కాయలకి నీళ్లు మళ్లీ మరిగిన దగ్గర్నుంచి 2 నిమిషాలు. సన్న రకానికి 1 నిమిషం. ఒకటి తీసి కొరికి చూడండి. పచ్చి వాసన పోయి ఉండాలి, పంటి కింద మాత్రం ఇంకా పలుకు తగలాలి. ఓవెన్‌లో ఇంకో 20 నిమిషాలు ఉడుకుతాయి కాబట్టి ఇక్కడ పూర్తిగా ఉడికితే లెక్క తప్పినట్టే. వెంటనే చిల్లుల గరిటెతో తీసి ఐస్ నీళ్లలో వేయండి. కుళాయి నీళ్లు సరిపోవు, ఐస్ ముక్కలు కళ్లకి కనిపించాలి. లోపలి దాకా చల్లబడగానే తీసేయండి, అందులోనే నానబెట్టొద్దు.

దీని తర్వాతి పనే చాలామంది వదిలేసేది. నేను చేరిన మొదటి వారంలో ఒక పెళ్లి విందుకి 200 కట్టలు చుట్టమన్నారు. బీన్స్‌ని నీళ్లలోంచి తీసి, చిల్లుల బుట్టలో వంపి, అలాగే చుట్టడం మొదలుపెట్టాను. చెఫ్ వచ్చి ఏమీ అనలేదు. నేను చుట్టిన కట్ట ఒకటి తీసుకుని, విప్పి, 8 కాయలూ తెల్లటి గుడ్డ మీద పెట్టి దొర్లించాడు. గుడ్డ మీద 8 తడి గీతలు పడ్డాయి. ఆ గుడ్డ నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. 200 కట్టల్లో ఆ తడి మొత్తం ఎంతో అప్పుడు లెక్క తెలిసింది. అదంతా ఆవిరైపోయేదాకా బేకన్ వేగదు.

మనకి ఇది కొత్త విషయం కాదు. బెండకాయ వేపుడు చేసేముందు కాయల్ని కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడే కోస్తాం కదా. తడి ఉంటే జిగురొచ్చేస్తుందని అమ్మ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. సరిగ్గా అదే జాగ్రత్త ఇక్కడ. పాత నూలు టవల్ పరిచి బీన్స్‌ని ఒక్క వరసలో ఆరబోయండి, పైన ఇంకో టవల్ వేసి అద్దండి, అరగంట గాలికి వదిలేయండి. ఇక్కడిదాకా పని ముందు రోజు రాత్రే చేసుకోవచ్చు. పొడి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మర్నాటికి ఇంకా బాగా ఆరి ఉంటాయి.

బేకన్ దగ్గరికొద్దాం. మీరు మందం రకం కొన్నారనుకుంటున్నాను, ప్యాకెట్ మీద థిక్ కట్ అని ఉంటుంది. అది పొద్దున్న టిఫిన్‌లో విడిగా తినడానికి చాలా బాగుంటుంది, చుట్టడానికి మాత్రం పనికిరాదు. మామూలు మందం తీసుకోండి. పౌండ్ ప్యాకెట్‌లో 16 నుంచి 20 పట్టీలు వస్తాయి. ఒక్కో పట్టీని అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక్కో కట్టకి. 24 కట్టలకి 12 పట్టీలు చాలు, చిరిగిపోయినవి పోగా ఒక పౌండ్ ప్యాకెట్ నిక్షేపంగా సరిపోతుంది. పట్టీలో తెలుపు, ఎరుపు చారలు సమానంగా ఉన్నవి ఏరండి. తెలుపు మరీ ఎక్కువైతే కరిగి కుంచించుకుపోయి కట్ట విడిపోతుంది. ఎరుపు మరీ ఎక్కువైతే ఎండి బిరుసవుతుంది.

ఓవెన్‌ని 400 డిగ్రీలకి వేడిచేయండి, అంటే దాదాపు 200 సెల్సియస్. అంచులున్న ట్రేలో ఫాయిల్ పరిచి, రెండుగా కోసిన బేకన్ ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చి 7, 8 నిమిషాలు పెట్టండి. కొవ్వు అంచుల్లో గాజులా మెరవడం మొదలవుతుంది, ట్రేలో కొంచెం నూనె చేరుతుంది, రంగు మాత్రం ఇంకా రాదు. అప్పుడు తీసేయాలి. పటకారుతో ఒక ముక్క పైకెత్తితే తడిగుడ్డలా వేలాడాలి. గట్టిగా నిలబడితే ఎక్కువ వేగిందని అర్థం, చుట్టబోతే విరుగుతుంది. అలాంటివి చిన్న ముక్కలు చేసి బంగాళాదుంప వేపుడులో వేసుకోండి, వృథా కావు. తీసిన ముక్కల్ని పేపర్ టవల్ మీద వేసి చెయ్యి పట్టే వేడికి రానివ్వండి.

ఒక హెచ్చరిక. బేకన్ సగం వేయించి, ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పూర్తిచేద్దామని అనుకోకండి. సగం వండిన మాంసాన్ని అలా నిలవ ఉంచకూడదు, బాక్టీరియా పెరగడానికి అవకాశం ఇచ్చినట్టవుతుంది. బీన్స్ ముందురోజు, బేకన్ అదే రోజు.

చుట్టేటప్పుడు 8 కాయల్ని తొడిమ వైపు ఒకే అంచుకి వచ్చేలా బల్లకి తట్టి సర్దండి, జడకి ముందు వెంట్రుకలు సర్దినట్టు. బేకన్ ముక్కని పలక మీద పరిచి, కట్టని దాని ఒక కొసన పెట్టి, కొంచెం లాగుతూ దొర్లించండి. కొస మీద కొస ఒక అంగుళం ఎక్కాలి. ఆ అతుకు కిందికి వచ్చేలా పెట్టండి, కట్ట బరువుకి అదే అతుక్కుంటుంది, టూత్‌పిక్ అక్కర్లేదు. మరీ బిగించకండి. మధ్య కాయలకి వేడి అందాలంటే కాయల మధ్య కాస్త సందు ఉండాలి. బేకన్ కట్ట మధ్యలో మాత్రమే ఉండాలి, రెండు వైపులా పచ్చ రంగు కనిపించాలి. ఈ వంటకం అందమంతా అక్కడే ఉంది.

కట్టల్ని ట్రేలో నేరుగా పెట్టకుండా, ట్రే మీద వైర్ ర్యాక్ పెట్టి దాని మీద పేర్చండి. కరిగిన కొవ్వు కిందికి కారిపోతుంది, వేడిగాలి అడుగున కూడా తిరుగుతుంది. మీరు చూసిన మడుగుకి మందు ఇదే. ట్రేకి అంచులు లేకపోతే కొవ్వు ఓవెన్ అడుక్కి కారి ఇల్లంతా పొగవుతుంది, జాగ్రత్త. వంట అయ్యాక ఆ కొవ్వుని సింక్‌లో పోయకండి, పైపులో గడ్డకడుతుంది. సీసాలోకి వంపుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే గుడ్లు వేయించుకోవడానికి పనికొస్తుంది.

400 డిగ్రీల్లో మొదటి 14 నిమిషాలు ఏమీ పూయకుండా వదిలేయండి. ఆ తర్వాత తీపి పూత. అమెరికా దక్షిణాది రాష్ట్రాల ఇళ్లలో వెన్న, బ్రౌన్ షుగర్, వెల్లుల్లి పొడి కలిపి మొదట్లోనే కట్టల మీద పోసి ఓవెన్‌లో పెడతారు. చక్కెర కూడా ఎక్కువే పోస్తారు, కొన్ని ఇళ్లలో ఏకంగా కప్పు. నాకది కూర కన్నా మిఠాయికి దగ్గరగా అనిపిస్తుంది. పైగా మొదటే పోస్తే చక్కెర ముందు మాడుతుంది, బేకన్ తర్వాత వేగుతుంది. నా లెక్క ఇది: 24 కట్టలకి వెన్న 4 పెద్ద చెంచాలు, బ్రౌన్ షుగర్ కప్పులో మూడో వంతు, సోయా సాస్ ఒక పెద్ద చెంచా, వెల్లుల్లి పొడి అర చెంచా, అప్పుడే దంచిన మిరియాలు ఒక చెంచా. చిన్న మంట మీద కరిగించి బ్రష్‌తో పూయండి. ఉప్పు వేయొద్దు, బేకన్‌లోనూ సోయాలోనూ ఉన్నది చాలు. పూశాక ఇంకో 5, 6 నిమిషాలు. బేకన్ మీద బుడగలు కట్టి, బెల్లం పాకం లాంటి రంగు రాగానే తీసేయండి. ఓవెన్ లైటు వేసుకుని ఎదురుగానే నిలబడండి, ఈ చివరి రెండు నిమిషాల్లోనే మాడుతుంది.

బ్రౌన్ షుగర్ బదులు నేను మా ఇంట్లో తురిమిన బెల్లం వాడతాను. పొగ వాసన ఉన్న బేకన్‌కి బెల్లం, మిరియాలు చక్కగా కలుస్తాయి. అమెరికన్ అతిథులకి ఏదో తేడా ఉందని తెలుస్తుంది, అదేంటని అడిగి మరీ రెసిపీ తీసుకున్నవాళ్లున్నారు. మీరూ ధైర్యంగా వేయండి. ఆ టేబుల్ మీద గ్రీన్ బీన్ కాసరోల్ కూడా ఎలాగూ ఉంటుంది. 1955లో న్యూజెర్సీలోని క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ కిచెన్‌లో డార్కస్ రైలీ బృందం తయారుచేసిన వంటకం అది, పుట్టగొడుగుల సూప్‌లో బీన్స్ కలిపి పైన వేయించిన ఉల్లిపాయలు చల్లుతారు. అది మెత్తగా, క్రీమ్‌తో ఉంటుంది. అదే బీన్స్ మీ కట్టల్లో పలుకుగా, ఘాటుగా వస్తే రెండూ ఒకదానికొకటి తోడుగా ఉంటాయి, పోటీ అవ్వవు.

పంది మాంసం తిననివాళ్లు ఆ 14 మందిలో ఎవరైనా ఉన్నారేమో ముందే స్నేహితురాలిని అడగండి. ఇది మర్యాదకి సంబంధించిన విషయం, మొహమాటపడొద్దు. ఉంటే వాళ్ల కోసం ఐదారు కట్టలు వేరే ట్రేలో, వేరే పటకారుతో చేయండి. ఉల్లికాడల్ని పది సెకన్లు వేడినీళ్లలో ముంచితే దారంలా వంగుతాయి, వాటితో కట్టండి. వెన్నలో కొంచెం స్మోక్డ్ పాప్రికా, అంటే పొగపెట్టిన ఎర్ర మిరపపొడి, కలిపి పూస్తే పొగ రుచి కూడా వస్తుంది. టర్కీ బేకన్‌లో కొవ్వు బాగా తక్కువ, అందుకే దాని అంతట అది వేగదు. వాడితే పైన నూనె పూయక తప్పదు. పళ్లెం పక్కన ఒక చీటీ మీద పంది మాంసం ఉందని స్పష్టంగా రాసి పెట్టండి.

ఇదే వంట గురించి ఇంకొకరు జర్మనీ నుంచి అడిగారు కాబట్టి వాళ్లకీ నాలుగు మాటలు. అక్కడ ఇది స్పెక్‌బోనెన్ పేరుతో ఎప్పట్నుంచో ఉన్న వంట, వేయించిన మాంసం పక్కన పెడతారు. తీపి పూత ఉండదు. బోనెన్‌క్రౌట్ అనే ఆకు వేస్తారు, ఆ పేరుకి అర్థమే బీన్స్ ఆకు. మరిగే నీళ్లలో రెండు రెమ్మలు వేసి చూడండి, వాము వాసనకి దగ్గరగా ఉంటుంది. అక్కడ బీన్స్ పచ్చిగా తినకూడదని చిన్నపిల్లలకి కూడా చెప్తారు, పచ్చి కాయల్లో ఉండే ఫాసిన్ అనే ప్రొటీన్ కడుపుకి పడదు. అందుకే వాళ్లు మెత్తబడేదాకా ఉడికిస్తారు. మీరు కూడా అక్కడి పద్ధతే పాటించి ఎక్కువసేపు ఉడికించండి, తర్వాత పెనం మీద బేకన్ వేగేవరకే తిప్పండి. ఆస్పరాగస్‌తో చేస్తారా అంటే, వేలంత లావున్న పచ్చ కాడలు తీసుకుని, అడుగున బిరుసుగా ఉన్న భాగం విరిచేసి, ఒక్కో కాడకి ఒక్కో పట్టీ చుట్టండి. ముందుగా ఉడకబెట్టక్కర్లేదు.

హైదరాబాద్‌లో చేద్దామనుకునేవాళ్లకి బేకన్ పెద్ద సూపర్ మార్కెట్ల ఫ్రీజర్లలో దొరుకుతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరిగించి, బాగా అద్ది తడి తీయండి. ఓవెన్ లేకపోతే ఎయిర్ ఫ్రయ్యర్‌లో 190 సెల్సియస్ దగ్గర 10 నుంచి 12 నిమిషాలు, ఒక్కో విడతకి ఆరేడు కట్టలు. దాని ఫ్యాన్ గాలికి బేకన్ కొస లేచిపోతుంది, కాబట్టి అక్కడ మాత్రం టూత్‌పిక్ గుచ్చండి. మన లేత బెండకాయలకి ఒక్కోదానికి సగం పట్టీ చుట్టి ఇలాగే చేసినా అద్భుతంగా ఉంటుంది. ఉడకబెట్టొద్దు, చిల్లి పెట్టొద్దు, తడి తగలనివ్వొద్దు.

ఆరోగ్యం సంగతి కూడా మీరు అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. కాబట్టి ఇది పండగ వంటగానే ఉంచుకోండి, వారంవారం వద్దు.

ఇక ఆ రోజు టైమింగ్. భోజనం 4 గంటలకి అన్నారు. అక్కడికి వెళ్లాక ఓవెన్ మీకు దొరకదు, అందులో టర్కీ ఉంటుంది, అదీ 325 డిగ్రీల్లో. కానీ టర్కీ బయటికి తీశాక కోసేముందు దాదాపు అరగంట పక్కన పెడతారు. ఆ అరగంట మీది. ఈ సంగతి ముందురోజే స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పుకోండి. ఇంట్లో ఒంటిగంటకి బేకన్ సగం వేయించండి, ఒంటిగంటన్నరకి చుట్టండి, 2కి ఓవెన్‌లో పెట్టండి, 2 గంటల 20 నిమిషాలకి పూర్తిగా వండి తీసేయండి. బయట రెండు గంటలకి మించి ఉండకూడదు, ఈ లెక్కలో ఉండదు. ట్రే మీద ఫాయిల్ వదులుగా కప్పండి. బిగించి మూస్తే లోపల ఆవిరి పట్టి మీరు పడ్డ కష్టమంతా దారిలోనే మెత్తబడుతుంది. మిగిలిన పూతని చిన్న సీసాలో వేరుగా పట్టుకెళ్లండి. టర్కీ బయటికి రాగానే ఓవెన్‌ని 400కి పెంచి, కట్టల మీద ఇంకోసారి పలచగా పూసి, 6 నిమిషాలు. తీశాక పళ్లెంలో ఒక్క వరసలో పేర్చండి. ఒకదాని మీద ఒకటి గుట్టగా పెడితే కింది వరస బేకన్ పైవాటి ఆవిరికి మళ్లీ మెత్తబడుతుంది. రెండు పళ్లేలు పట్టినా పర్వాలేదు, ఒక్క వరసే.